పసివారి కంటి రాచపుండు: స్వదేశీ సాధనము, మన కర్తవ్యము

దీపపు వెలుతురున పసిబిడ్డ కంటిపాపలో తెల్లని మెరుపు కనిపించినప్పుడు మన పల్లెలలో దానిని పిల్లికన్నని చెప్పుకొని ఊరకుందురు. ఒక కన్ను ప్రక్కకు తిరిగియుండినచో మెల్లకన్ను అదృష్టమనువారును లేకపోలేదు. కొందరు ఆకుపసరు పిండుదురు; కొందరు దిష్టి తీయుదురు; మరికొందరు బిడ్డ పెరిగిన పిమ్మట అదియే సర్దుకొనునని ఎదురుచూతురు. ఆ యెదురుచూపులో గడచిన నెలలే కొందరు బిడ్డలకు కన్నును, మరికొందరికి ప్రాణమును లేకుండ చేయుచున్నవి. ఆ తెలుపునకు గల కారణములలో మిక్కిలి భయంకరమైనది రెటీనోబ్లాస్టోమా యను వ్యాధి. అనగా కంటి లోపలి తెరయగు రెటీనాలో పుట్టు రాచపుండు.

ఈ వ్యాధికి కన్ను తీసివేయుట తప్ప వేరు మార్గము లేదనుకొన్న కాలము గతించినది. కణితి చిన్నదిగా నున్నప్పుడే పట్టుబడినచో, రేడియో ధార్మికశక్తి గల చిన్న బిళ్ళ నొకదానిని కనుగ్రుడ్డునకు వెలుపల, సరిగా కణితి వెనుకభాగమున కుట్టి, కొన్ని దినములుంచి తీసివేసిన, కణితి మాడిపోయి కన్ను నిలుచుట సాధ్యమగుచున్నది. అట్టి బిళ్ళను నేడు మన దేశమందే, బొంబాయి చెంత ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రమువారు తయారు చేసియున్నారు. మన తెలుగువారి హైదరాబాదులోనే దానిని వైద్యులు రోగులకు వాడియున్నారు. స్వదేశీ విజ్ఞానమునకు ఇది గర్వకారణమే. కాని మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతపు పల్లెలో పుట్టిన బిడ్డకు ఆ బిళ్ళ సకాలమున అందునా? అందవలెనన్న ఎవరెవరు ఏమి చేయవలెను? ఇదియే నేటి మా విచారణ.

మొదట వ్యాధి స్వభావమును తెలిసికొనుట అవసరము. పిల్లల కంటిలోపల పుట్టు రాచపుండ్లలో ఎక్కువగా కనిపించునది ఇదియే. సుమారు 16,000 మొదలు 18,000 జననములకు ఒక బిడ్డ చొప్పున ఇది సంభవించుచున్నదని వైద్యశాస్త్రజ్ఞుల లెక్క. ఐదేండ్ల లోపు పిల్లలకే ఇది సాధారణముగా వచ్చును. 13వ క్రోమోజోముపై నుండు ఒక జన్యువు రెండు ప్రతులును చెడిపోయినప్పుడు రెటీనా కణములు అదుపు తప్పి పెరుగునని 1971లో ఆల్ఫ్రెడ్ నుడ్‌సన్ అను అమెరికా వైద్యుడు రోగుల వయస్సులను లెక్కగట్టి ఊహించెను. 1986లో ఆ జన్యువును కనుగొనుటతో అతని యూహ నిజమని తేలినది. రోగులలో ఇంచుమించు నూటికి 40 మందికి ఈ దోషము శరీరములోని ప్రతి కణమునందును ఉండును. అట్టివారికి రెండు కన్నులకును వ్యాధి రావచ్చును, వారి సంతతికి ఇద్దరిలో ఒకరికి సంక్రమించు అవకాశము కలదు. తక్కినవారికి అది ఒక కంటిలోని ఒక కణమున దైవికముగా కలిగిన దోషమే.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. మన రాయలసీమలో మేనరికములు హెచ్చు. బిడ్డకు ఏ వ్యాధి కలిగినను, మేనరికమే కారణమని బంధువులు తల్లిదండ్రులను నిందించుట వాడుక. ఈ వ్యాధి విషయమున ఆ నింద శాస్త్రసమ్మతము కాదు. ఒక ప్రక్కనుండి వచ్చిన దోషమే దీనికి చాలును. కావున రక్తసంబంధపు వివాహము దీనికి మూలము కాదు. తల్లి గ్రహణము చూచుటయు, గర్భకాలమున తినిన ఆహారమును దీనికి కారణములు కావు. నింద వలన కలుగు ఫలమేమనగా, కోడలు బిడ్డ కంటి తెలుపును మరుగుపరచును. మరుగుపడిన వ్యాధి ముదురును. ఇంట ఒక బిడ్డకు ఈ వ్యాధి యున్నట్లు తేలినప్పుడు చేయవలసినది నింద కాదు. తక్కిన బిడ్డల కన్నులను వెంటనే పరీక్ష చేయించుట. వెనుక ఈ వ్యాధి నుండి బ్రతికి పెరిగి పెండ్లియాడినవారు తమ సంతతి కన్నులను పుట్టిన దినముల నుండియే చూపింపవలయును.

ఇక చికిత్స. కంటిలోని పుండునకు కిరణములతో చికిత్స చేయు ప్రయత్నము నేటిది కాదు. 1903లోనే అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున హిల్‌గార్ట్‌నర్ అను వైద్యుడు ఈ వ్యాధికి ఎక్స్‌రే కిరణములను ప్రయోగించెను. వెలుపలినుండి కంటిపై కిరణములను ప్రసరింపజేయు ఈ పద్ధతి పెక్కు దశాబ్దములు సాగినది. పెక్కు కన్నులను కాపాడినది. కాని దానివలన కలిగిన కీడు పిమ్మట బయటపడినది. కిరణములు కణితితో ఆగక చుట్టునున్న ఎముకలను, మాంసమును సోకుటచే పసివారి కణతలు లోతుకుపోయి ముఖము వికారమగుచుండెను. అంతకంటె ఘోరమైనది, పుట్టుకతో జన్యుదోషము గల పిల్లలకు ఆ కిరణములు సోకిన తావులలో యౌవనమున వేరొక రాచపుండు పుట్టుచుండుట. ఏడాది నిండకముందే కిరణచికిత్స పొందినవారికి ఈ యపాయము మరింత హెచ్చని తేలినది. ఒక పుండును మాన్పుటకై మరొక పుండునకు విత్తనము నాటినట్లైనది.

కావున కిరణము కణితి కంటె దూరము పోకుండ కట్టడి చేయుట యెట్లను ప్రశ్న పుట్టినది. ఇందుకు సమాధానమునకు నాంది లండనులో జరిగినది. 1931లో ఫాస్టర్ మూర్, స్టాలర్డు ప్రభృతులు రెటీనా కణితులకు రేడాన్ గింజలతో చేసిన చికిత్సను గూర్చి వైద్య పత్రికలో ప్రకటించిరి. తరువాతి కాలమున స్టాలర్డు కోబాల్టు-60 పొదిగిన వంపు బిళ్ళలను కల్పించి కనుగ్రుడ్డు వెలుపల కుట్టు విధానమును స్థిరపరచెను. కాని కోబాల్టు గామా కిరణములు బలమైనవి. అవి కంటిని దాటిపోవుచుండెను. 1960 తరువాతి దశకమున బెర్లినులో లోమాట్ష్ అను వైద్యుడు రుథీనియం-106ను వాడుకలోనికి తెచ్చెను. దీని నుండి వెలువడు బీటా కిరణములు కొలది మిల్లీమీటర్లు మాత్రమే చొచ్చి నశించును. ఆవలి ఎముకను అవి ముట్టవు. పిమ్మట అయొడిన్-125 గింజలను బంగారు చిప్పలో అమర్చు పద్ధతియు వచ్చినది. కొంచెము ఎత్తైన కణితులకు అది తగియున్నది.

చికిత్స జరుగు తీరును పాఠకులు తెలిసికొనుట మంచిది. ఏలనన, తెలియనిదాని యెడలనే భయము మెండు. బిడ్డకు పూర్తిగా మత్తు ఇచ్చి కంటిపాపను మందుతో విప్పార్చి లోపలి కణితి ఎచ్చట నున్నదో, ఎంత వెడల్పో, ఎంత ఎత్తో కొలతురు. ఆ కొలతనుబట్టి, బిళ్ళలోని శక్తిని బట్టి, ఎన్ని గంటలుంచవలయునో భౌతికశాస్త్ర నిపుణుడు లెక్క వేయును. సాధారణముగా కణితి శిఖరమునకు 40 మొదలు 45 గ్రేల మోతాదు చేరునట్లు చూతురు. సుమారు ఒక మిల్లీమీటరు మందము గల వెండి బిళ్ళ అది. కనుగ్రుడ్డు వంపునకు సరిపోవునట్లు వంచబడి యుండును. కంటి తెల్లని పొరపై దానిని కుట్టి, లెక్క ప్రకారము కొన్ని దినములుంచి, మరల మత్తు ఇచ్చి తీసివేయుదురు. కన్ను కోయరు, సూది గ్రుచ్చి కణితి ముక్కను తీసి పరీక్షింపను పరీక్షింపరు, అట్లు చేసిన పుండు కంటి వెలుపలికి ప్రాకునను భయము కలదు.

ఈ బిళ్ళ సర్వరోగ నివారిణి కాదు. రుథీనియం బిళ్ళ సుమారు 5, 6 మిల్లీమీటర్ల ఎత్తునకు లోబడిన కణితికే పనికివచ్చును. కణితులు పెక్కుగా నున్నను, కంటిలోని ద్రవములో విత్తనములవలె చెదరియున్నను, దృష్టినాడిని ఆనుకొనియున్నను ఇది ఒక్కటియే చాలదు. అట్టివారికి నరముద్వారా గాని, కంటికి పోవు ధమనిద్వారా గాని, కంటిలోపలికే గాని మందులు ఎక్కించి కణితిని తగ్గించి, మిగిలినదానిని లేజరు చేతనో, శీతల ప్రయోగము చేతనో, ఈ బిళ్ళ చేతనో మాన్పుచున్నారు. బిళ్ళ వలన కొన్నాళ్ళకు కొందరికి శుక్లము కలుగవచ్చును, రెటీనా రక్తనాళములు దెబ్బతినవచ్చును. ఇవన్నియు వైద్యులు దాచక చెప్పు విషయములే. అయినను కన్ను నిలుచుట, ముఖము వికృతము కాకుండుట, వెలుపలి కిరణములవలన యౌవనమున పుట్టు రెండవ పుండు భయము తప్పుట, ఈ మూడును సామాన్య లాభములు కావు.

మన దేశపు కృషిని ఈ సందర్భమున స్మరింపవలసియున్నది. విదేశముల నుండి ఈ బిళ్ళలను తెప్పించుట వ్యయముతో కూడినది. రుథీనియం శక్తి సుమారు ఏడాదికి సగమగును గావున ఒకసారి కొన్న బిళ్ళ చిరకాలము పనికిరాదు, మరల మరల కొనవలయును. ఈ కారణముచే పెక్కు ఆసుపత్రులు దీని జోలికి పోకుండెను. ట్రాంబే శాస్త్రజ్ఞులు మొదట అయొడిన్-125 గింజలను తయారు చేసిరి. చెన్నపట్నపు శంకర నేత్రాలయములో వానితో కంటి కణితులకు చికిత్స జరిగినది. పిమ్మట అణు విద్యుత్కేంద్రములలో కాలిన ఇంధనపు వ్యర్థము నుండి రుథీనియంను వేరుచేసి, వెండిపై పూసి, ఈ బిళ్ళను సిద్ధపరచిరి. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సైట్ ఆసుపత్రివారు దానిని రోగులకు వాడిరి. విషమని పూడ్చిపెట్టు బూడిద నుండి బిడ్డల కన్నులను కాపాడు సాధనమును తీయుట సామాన్య కార్యము కాదు. అణుశక్తి యనగా బాంబే యని తలచువారు ఈ సంగతి నెరుగవలయును.

అయితే సాధనము మన చేతనున్నంత మాత్రమున ఫలము సిద్ధింపదు. బిళ్ళ నయము చేయగలది చిన్న కణితిని. మన పల్లెల నుండి ఆసుపత్రికి చేరునది తరచుగా పెద్ద కణితి. 2017లో 153 దేశములలో ఈ వ్యాధి క్రొత్తగా బయటపడిన 4,351 మంది పిల్లల వివరములను సేకరించి 2020లో ప్రకటించిరి. సంపన్న దేశములలో వ్యాధి తేలునప్పటికి బిడ్డ వయస్సు, మధ్యస్థముగా చూచినచో, 14 నెలలు. బీద దేశములలో 30 నెలలకు పైబడి. సంపన్న దేశములలో పుండు కన్ను దాటి దేహమందు ప్రాకినవారు నూటికి ఒక్కరు కూడ లేరు. బీద దేశములలో నూటికి ఇంచుమించు 19 మంది. వ్యాధి ఒక్కటియే, వ్యత్యాసమంతయు ఆ పదునారు నెలలలో నున్నది. సంపన్న దేశములలో ఈ వ్యాధిగ్రస్తులైన పిల్లలలో నూటికి 95 మందికి పైగా బ్రతుకుచున్నారు. దీనికి హేతువు వారి వద్ద గొప్ప యంత్రములుండుట మాత్రమే కాదు. వారి బిడ్డల కన్నులను ఎవరో ఒకరు ముందుగా చూచుచున్నారు.

మన ప్రాంతమునకు వత్తము. ఒక్కటిగా నుండిన పూర్వపు చిత్తూరు జిల్లాలో 2011 జనాభా లెక్కలనుబట్టి 41 లక్షల 74 వేల జనులుండిరి. వేయిమందికి ఏటా 15 జననములని లెక్కించినను 62 వేల పైచిలుకు బిడ్డలు పుట్టుదురు. పైన చెప్పిన నిష్పత్తి ప్రకారము వారిలో ఏటికి మూడు నలుగురికి ఈ వ్యాధి రావలయును. ఇది మేము వేసిన అంచనా మాత్రమే. ఇంత స్వల్ప సంఖ్యకు ఇంత చర్చ యేల అని కొందరడుగవచ్చును. ఆ స్వల్పతయే అసలు చిక్కు అని మా సమాధానము. మదనపల్లెలోనో పుంగనూరులోనో వైద్యము చేయు డాక్టరు తన జీవితకాలమున ఇట్టి బిడ్డను ఒకరిద్దరిని చూచునేమో. కొందరు ఒక్కరినైనను చూడకపోవచ్చును. చూడనిదానిని గుర్తించుట కష్టము. ఇదే కారణముచేత ప్రతి పట్టణమున ఒక రుథీనియం బిళ్ళను పెట్టుడని మేము కోరుట లేదు. ఏటికి ఒక్కసారి వాడు బిళ్ళ పెట్టెలోనే చల్లారిపోవును. ఏటికి ఒక్కసారి కుట్టు చేయి మెళకువ కోల్పోవును. దీనికి నేత్రవైద్యుడు, మత్తు వైద్యుడు, భౌతికశాస్త్రజ్ఞుడు, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, ఇవన్నియు ఒక చోట కూడవలయును. నైపుణ్యము కొలది పెద్ద కేంద్రములలో నుండుటయే మేలు. కాని చూపు మాత్రము ప్రతి పల్లెలో నుండవలయును. ఈ రెంటిని కలుపు దారి నడుమ తెగియుండుటయే నేటి దురవస్థ.

దారిని గూర్చి చెప్పుచున్నాము గనుక మూడు పట్టణముల స్థితిని చూతము. కుప్పమునకు రైలుదారి యున్నది. ఒక దెస బెంగుళూరు, మరియొక దెస చెన్నపట్నము. అచ్చట వైద్య కళాశాలయు కలదు. మూడు రాష్ట్రముల యెల్లలు కలియు తావగుటచే కుప్పమువారు వైద్యమునకై పొరుగు రాష్ట్రమునకు పోవుట పరిపాటి. మదనపల్లెకు రైలు స్టేషను ఊరికి దూరము. ప్రజలు బస్సులనే నమ్ముకొని బెంగుళూరునకో తిరుపతికో పోవుదురు. పుంగనూరునకు రైలే లేదు. ఈ వ్యాధికి ప్రత్యేక చికిత్స జరుగు స్థలములు హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, బెంగుళూరు నారాయణ నేత్రాలయ, చెన్నపట్నపు శంకర నేత్రాలయ, మధుర అరవింద వైద్యశాల వంటివి. బెంగుళూరు అంత దూరము కాదు కదా యనవచ్చును. ఒక్కసారి పోవుటకు దూరము కాదు. కాని చికిత్స ఒక్కసారితో ముగియదు. మొదటి దినములలో నాలుగు వారములకో ఆరు వారములకో ఒక పర్యాయము బిడ్డకు మత్తు ఇచ్చి కన్ను పరీక్ష చేయవలయును. ఇది క్రమముగా ఎడము పెరిగి ఏండ్ల తరబడి సాగును.

టమాట కోతకాలమున మదనపల్లె కూలి కుటుంబము ఒకటి ఈ ప్రయాణములు చేయుట ఎట్లో ఊహింతము. తల్లి బిడ్డ నెత్తుకొని పోవలయును, తండ్రి తోడుండవలయును. ఇద్దరి కూలియు పోవును. ఇంట మిగిలిన బిడ్డలను ఎవరు చూతురు? నీరుగట్టువారిపల్లె మగ్గముపై నేయువానికైనను అంతే. మగ్గము ఆగిన దినము అన్నము ఆగును. మొదటి మందులతో కంటి తెలుపు తగ్గగానే నయమైనదని తలచి మానివేయువారి కష్టము ఇదియే. మానినవారిని మూఢులని తిట్టుట సులభము. వారి దారిఖర్చు మనమెవ్వరమైనను లెక్క వేసితిమా?

2007లో అవిభక్త ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ ప్రారంభమైనది. అందు రాచపుండు చికిత్సలును చేరినవి. 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దానిని బెంగుళూరు, చెన్నపట్నము, హైదరాబాదు నగరములలోని కొన్ని ఆసుపత్రులకును విస్తరింపజేసినది. అదే సంవత్సరము శస్త్రచికిత్స యనంతరము విశ్రాంతి కాలమునకు రోజునకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండ, భృతి ఇచ్చు పద్ధతిని ప్రవేశపెట్టిరి. అనగా రోగమునకు మందు ఖర్చు మాత్రమే కాక కూలి నష్టమును కలదను సూత్రమును ప్రభుత్వమే అంగీకరించినది. ఈ సూత్రమును రాచపుండు సోకిన పసిబిడ్డ వెంట పోవు తల్లిదండ్రులకు, చికిత్స సాగినంతకాలము, ప్రతి ప్రయాణమునకు వర్తింపజేయవలయునని మేము కోరుచున్నాము. ఏటా మూడు నాలుగు కుటుంబములకు అగు వ్యయము జిల్లా ఖజానాకు భారము కానేరదు. ప్రభుత్వములు మారినప్పుడు పథకముల పేరులు మారుచున్నవి. బిడ్డ కంటి కణితి పేరు మార్పులకు ఆగదు.

రెండవది చూపును గూర్చినది. పుట్టిన ప్రతి బిడ్డయు టీకాకై ఆరోగ్య కార్యకర్త ఎదుటికి వచ్చుచున్నది: పుట్టినప్పుడు, 6, 10, 14 వారములకు, 9 నెలలు నిండిన పిమ్మట, మరల ఏడాదిన్నర ప్రాంతమున. వ్యాధి తలయెత్తు కాలమును సరిగా ఇదియే. ఇన్ని పర్యాయములు సూది వేయుటకు బిడ్డను పట్టుకొనువారు ఒక్క నిమిషము దాని కన్నులలోనికి వెలుగు ప్రసరించి చూచిన చాలును. 1851లో హెల్మ్‌హోల్ట్‌జ్ కనిపెట్టిన ఆఫ్తాల్మోస్కోపు అను చిన్న సాధనమును చీకటి గదిలో మూరెడు దూరమున నుంచి చూచినప్పుడు ఆరోగ్యమైన కన్ను ఎఱ్ఱగా మెరయును. రెండు కన్నుల మెరుపును ఒక్కతీరున నుండవలయును. ఒకదానిలో తెలుపో నలుపో కనిపించినచో ఆ బిడ్డను పైకి పంపవలయును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు పట్టికలో పుట్టు శుక్లము ఇదివరకే కలదు. శుక్లమును పట్టు వెలుగే ఈ పుండును పట్టును. క్రొత్త శాఖయు క్రొత్త ఉద్యోగములును అవసరము లేదు. నేర్పుటకు ఒక పూట, సాధనమునకు కొంత సొమ్ము, ఎచ్చటికి పంపవలెనో వ్రాసిన ఒక చీటి చాలును.

మూడవది మన యింటిలోనే చేయదగినది. నేడు పల్లెలలో చేతిఫోను లేని యిల్లు అరుదు. నామకరణము, అన్నప్రాశనము, పుట్టినదినము, అన్నిటికిని మెరుపుదీపము వేసి ఫోటోలు తీయుచున్నాము. ఆ ఫోటోలో ఒక కన్ను ఎఱ్ఱగా, ఒక కన్ను తెల్లగా వచ్చినచో నవ్వి ఊరకుండరాదు. కెమెరా కోణముచే ఆరోగ్యమైన కన్నును ఒక్కొకప్పుడు తెల్లగా కనిపించును. తెలుపుల కన్నిటికిని రాచపుండే కారణము కాదు. కావున బెదరవలసిన పనిలేదు. కాని వారము తిరుగకుండ నేత్రవైద్యునికి చూపవలయును. క్రొత్తగా వచ్చిన మెల్లకన్నును అంతే. మందులంగడిలో చుక్కలు కొని వేసి కాలము పుచ్చరాదు.

నాలుగవ మాట కఠినమైనది. పుండు కన్నంతయు నిండినప్పుడు ఏ బిళ్ళయు పనికిరాదు; కన్ను తీసివేయుటయే ప్రాణరక్షణ. అప్పుడు పెక్కుమంది తల్లిదండ్రులు, అందును ఆడబిడ్డ యైనచో పెండ్లి కాదను భయముచే, ఒప్పుకొనక బిడ్డను ఇంటికి తీసికొనిపోవుచుందురు. కొన్ని నెలలకు పుండు కన్ను వెలుపలికి వచ్చిన పిమ్మట మరల వత్తురు. అప్పటికి చేయదగినది స్వల్పము. స్వదేశీ బిళ్ళను ప్రశంసించు ఈ వ్యాసమును చదివి, కన్ను తీయుమన్న వైద్యుని మాటను ఎవరైనను కాదన్నచో మా శ్రమ వ్యర్థమే కాదు, హానికరమును అగును. కృత్రిమ నేత్రముతో బిడ్డ బడికి పోగలదు, ఉద్యోగము చేయగలదు, సంసారము చేయగలదు. ప్రాణము మొదటిది, కన్ను రెండవది, చూపు మూడవది: వైద్యులు పాటించు ఈ వరుసను మనమును పాటింపవలయును.

ఇట్టి కార్యము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున ఫ్రిమోట్-మొల్లర్ అను డేనిష్ వైద్యుని యాజమాన్యమున క్షయరోగ చికిత్సాలయము నూరేండ్లకు పూర్వమే వెలసినది. దక్షిణ దేశపు నానా ప్రాంతముల నుండి రోగులు ఆ గాలికి, ఆ వైద్యమునకు తరలివచ్చిరి. స్వాతంత్ర్యము వచ్చిన కొలది యేండ్లకే మదనపల్లె చుట్టుపట్ల పల్లెలలో జనులకు క్షయ పరీక్షలు జరిపి, బి.సి.జి. టీకా ఫలితములను పెక్కేండ్లు పరిశీలించిరి. ఆ పరిశీలన ప్రపంచ వైద్య గ్రంథములకెక్కినది. అనగా దేశమునకు ఇంటింటి ఆరోగ్య పరీక్షను చేసి చూపినవారిలో మన పల్లెలవారు ముందున్నారు. నాడు ఆ పరీక్షలకు ఓర్చిన తాతల మనుమల బిడ్డలకు నేడు ఒక్క నిమిషపు కంటి పరీక్ష లేకుండుట న్యాయమా?

ఈ పత్రికను చదువు భూస్వాములకు, పట్టణ పెద్దలకు ఒక విన్నపము. అన్నియు ప్రభుత్వమే చేయవలయునని కూర్చుండుట మన సంప్రదాయము కాదు. తిరునాళ్ళకు, అన్నదానములకు చందాలు వేయుచున్నాము. ప్రతి మండలమునందును ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు ఒక ఆఫ్తాల్మోస్కోపును కొని ఇచ్చుట ఒక్క పెద్దరైతునకు అలవికాని పని కాదు. తన పొలమున పనిచేయు కుటుంబములో బిడ్డకు ఇట్టి వ్యాధి వచ్చినప్పుడు, ఆ చికిత్స ముగియువరకు బెంగుళూరు ప్రయాణముల ఖర్చును తానే భరింతునని ఒక్కొక్క గ్రామమున ఒక్కరు ముందుకు వచ్చిన చాలును. పదేండ్లలో ఆ గ్రామమున ఒక్కసారియైనను ఆ యవసరము రాకపోవచ్చును. వచ్చినప్పుడు ఒక ప్రాణము నిలుచును.

ట్రాంబే శాస్త్రజ్ఞులు తమ పని చేసిరి. హైదరాబాదు వైద్యులు తమ పని చేయుచున్నారు. నడుమనున్న పని మనది: టీకా వేయు తావున వెలుగు వేసి చూచుట, చూచినదానిని దాచకుండుట, చూపించినవారిని చికిత్స ముగియువరకు విడువకుండుట. రాబోవు టీకా దినము నుండియే మదనపల్లె, పుంగనూరు, కుప్పము ఆరోగ్య కేంద్రములు ఈ పరీక్షను ఆరంభింపవలయునని, జిల్లాధికారులు అందులకు ఉత్తర్వులు వ్రాయవలయునని మేము గట్టిగా కోరుచున్నాము.